ప్లగ్గు తీసినా పోని కరెంటు

ఈ దినమున మనము ట్యూబు ఆంప్లిఫయర్‌ను గూర్చి తెలుసుకొనబోవుచున్నాము. సంగీత బృందములో గిటారు వాయించు యౌవనస్థులు, మైకు సెట్టు చూచుకొను సహోదరులు, సంఘపు వస్తువులకు బాధ్యులైన పెద్దలు దీనిని శ్రద్ధగా వినవలెనని మనవి. మిగిలినవారు కూడా వినండి. ఎందుకనగా ఆ పెట్టె వెనుక కూర్చుండి మూత విప్పేది మీ ఇంటి బిడ్డే కావచ్చును.

ట్యూబు అనగానే ఇంటిలో వెలిగే ట్యూబులైటు అనుకొనవద్దు. పెద్దవారికి వాల్వు అంటే వెంటనే అర్థమగును. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోల కాలము గుర్తున్నదా? స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. లోపల చిన్న గాజు బుడ్లు ఎర్రగా వెలిగి, వేడెక్కి, అప్పుడు మెల్లగా శబ్దము వచ్చేది. ఆ గాజు బుడ్డినే వాల్వు అంటారు, ట్యూబు అని కూడా అంటారు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత వాల్వులు ఒక్కొక్కటిగా రేడియోలలో నుండి తొలగిపోయినవి. కాని గిటారు ఆంప్లిఫయర్లలో అవి నేటికీ నిలిచియున్నవి. శబ్దమును పెంచినప్పుడు ట్యూబు మెత్తగా వంగునట్లు వంగి, వినుటకు ఇంపైన గరుకుదనమును ఇచ్చునని వాయిద్యకారులు దానిని కోరుకొందురు.

మంచిదే. అయితే దీనిని వాడువారు రెండు ప్రశ్నలకు జవాబు తెలిసికొనవలెను. మొదటిది, ఏ ట్యూబు వేయవలెను? రెండవది, ప్రాణమునకు హాని లేకుండా దానిని ఎట్లు వాడవలెను? మొదటి ప్రశ్నలో పొరపడితే డబ్బు పోవును. రెండవ దానిలో పొరపడితే మనిషి పోవును.

లోపల ఏమి జరుగుచున్నది?

1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అను శాస్త్రజ్ఞుడు రెండు భాగములు గల వాల్వునకు పేటెంటు పొందెను. తరువాత రెండు మూడు సంవత్సరములలోనే అమెరికాలో లీ డి ఫారెస్ట్ అనునతడు దానిలో మూడవ భాగమును చేర్చెను. ఆ మూడవ భాగము వలననే చిన్న శబ్దమును పెద్దది చేయుట సాధ్యమైనది.

గాజు బుడ్డిలో గాలి లేదు, శూన్యము. నడుమ హీటరు అను సన్నని తీగ. దాని చుట్టూ కాథోడు. హీటరు కాలినప్పుడు కాథోడు నుండి ఎలక్ట్రానులు బయటికి వచ్చును. వెలుపలి వైపున ప్లేటు అను లోహపు రేకు ఉండును. దానికి ఎక్కువ వోల్టేజి ఇచ్చెదరు గనుక అది ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనును. ఈ రెంటి మధ్య గ్రిడ్డు అను సన్నని తీగల చుట్ట.

మన డెల్టాలో కాలువ మీద లాకులు చూచియున్నారు కదా? లాకు తలుపును త్రిప్పుటకు ఒక మనిషి బలము చాలును. కాని ఆ తలుపు ఆపునది, విడుచునది వందల ఎకరములకు పోయే నీరు. గ్రిడ్డు చేయునది అదే పని. గిటారు నుండి వచ్చు అతి స్వల్పమైన సంకేతము గ్రిడ్డును కదిలించును. దాని వెంట ప్లేటుకు పోవు పెద్ద ప్రవాహము హెచ్చి తగ్గును. ఆ పెద్ద ప్రవాహమే ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్పీకరును కదిలించును.

ఇక్కడ ఒక్క మాట మనస్సులో ఉంచుకొనండి. కాలువలో నీరు లేకపోతే లాకు పని చేయదు. అట్లే ప్లేటు మీద ఎక్కువ వోల్టేజి లేకపోతే ట్యూబు పని చేయదు. ఆంప్లిఫయర్లలో ఈ వోల్టేజి సాధారణముగా 300 నుండి 500 వోల్టుల వరకు ఉండును. మన గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు మాత్రమే! గోడ ప్లగ్గుకు భయపడువారు ఆ పెట్టె లోపలికి ఇంకెంత భయముతో చేయి చాపవలెనో ఆలోచించండి.

పేరు చదువుట నేర్చుకొనండి

ట్యూబు మీద వ్రాసియున్న పేరు అలంకారము కాదు. అందులో అర్థమున్నది.

అమెరికా పద్ధతిలో మొదటి అంకె హీటరు వోల్టేజిని తెలుపును. 6ఎల్6 అంటే సుమారు 6 వోల్టులు, సరిగా చెప్పవలెనంటే 6.3. 5యు4 అంటే 5 వోల్టులు. 12ఎఎక్స్7 అంటే 12.6 వోల్టులు. అయితే దీని హీటరును నడిమికి విడదీసియుంచిరి గనుక 6.3 వోల్టుల మీద కూడా నడుపవచ్చును.

ఐరోపా పద్ధతిలో మొదటి అక్షరము ఈ పని చేయును. ఇ అంటే 6.3 వోల్టుల హీటరు. పి అంటే 300 మిల్లీ ఆంపియర్ల హీటరు, యు అంటే 100 మిల్లీ ఆంపియర్ల హీటరు. తరువాతి అక్షరము ట్యూబు ఏ జాతిదో తెలుపును. సిసి అంటే ఒకే బుడ్డిలో రెండు చిన్న ట్రయోడులు. ఎల్ అంటే స్పీకరుకు శక్తినిచ్చు పవర్ ట్యూబు. కావున ఇసిసి83 అన్నను 12ఎఎక్స్7 అన్నను ఒకటే. దుకాణదారు ఒక పేరు చెప్పి, మీ ఆంప్లిఫయర్ మీద మరొక పేరు ఉంటే కలవరపడవద్దు. రెండు పేర్లు ఒకే ట్యూబువా కావా అని నిదానముగా విచారించండి.

ఎన్నుకొనుటలో మొదటి సూత్రము

సాకెట్‌లో పట్టినంత మాత్రాన అది సరియైన ట్యూబు కాదు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొనినయెడల సగము నష్టము తప్పిపోవును.

12ఎఎక్స్7కు తొమ్మిది పిన్నులు. ఇఎల్84కు కూడా తొమ్మిదే. 6డిజె8కు కూడా తొమ్మిదే. ఒకదాని స్థలములో ఇంకొకటి చక్కగా దిగును. కాని ఇఎల్84 పవర్ ట్యూబు, 12ఎఎక్స్7 చిన్న సంకేతపు ట్యూబు. 6డిజె8లో తొమ్మిదవ పిన్ను లోపలి కవచమునకు చేరియుండగా, 12ఎఎక్స్7లో అదే పిన్ను హీటరు నడిమికి చేరియున్నది. ఇక పిఎల్84ను చూడండి. పేరులో ఇఎల్84కు ఒక్క అక్షరమే తేడా. కాని దాని హీటరుకు 15 వోల్టులు కావలెను.

ఎనిమిది పిన్నుల పెద్ద ట్యూబుల సంగతి కూడా అంతే. 6వి6, 6ఎల్6, ఇఎల్34, కెటి88 అన్నియు ఒకే సాకెట్‌లో దిగును. కాని వాటి ఆకలి వేరు. హీటరుకు 6వి6 త్రాగునది 0.45 ఆంపియరు. 6ఎల్6జిసి 0.9 ఆంపియరు. ఇఎల్34 1.5 ఆంపియరు. కెటి88 1.6 ఆంపియరు. నాలుగు 6ఎల్6లు ఉన్న ఆంప్లిఫయర్‌లో నాలుగు ఇఎల్34లు పెట్టినారనుకొనండి. 3.6 ఆంపియర్లు ఇచ్చుటకు ఏర్పడిన ట్రాన్స్‌ఫార్మరు 6 ఆంపియర్లు ఇయ్యవలసివచ్చును. మొదటి రోజు పాట బాగానే వినిపించవచ్చును. కొంతకాలమునకు ట్రాన్స్‌ఫార్మరు మాడిన వాసన వచ్చును. అంతే కాదు, ఇఎల్34లో మొదటి పిన్నును కాథోడుతో కలుపవలెను. 6ఎల్6 కొరకు చేసిన సాకెట్లన్నిటిలో ఆ కలయిక ఉండదు.

కావున ఆంప్లిఫయర్ వెనుక గాని, లోపలి మూత మీద గాని, దానితో వచ్చిన పుస్తకములో గాని ఏ పేరు వ్రాసియున్నదో అదే పేరు గల ట్యూబును కొనండి. ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో రెండు 6వి6లు, ట్విన్ రివర్బ్‌లో నాలుగు 6ఎల్6లు, వాక్స్ ఎసి30లో నాలుగు ఇఎల్84లు ఉండును. ఒకే కంపెనీ చేసిన రెండు ఆంప్లిఫయర్లలోనే వేరు వేరు ట్యూబులు ఉన్నవని గమనించితిరా? కంపెనీ పేరును బట్టి ఊహించి కొనరాదు.

చిన్న ట్యూబుల విషయము

ముందు వరుసలో ఉండు చిన్న ట్యూబులలో మాత్రము కొంత స్వేచ్ఛ ఉన్నది. 12ఎఎక్స్7కు పెంపు గుణకము 100. 12ఎటి7కు 60. 12ఎయు7కు ఇంచుమించు 20. ఈ మూడింటి పిన్నుల అమరిక ఒకటే. మీ ఆంప్లిఫయర్ కొంచెము త్రిప్పగానే బొంగురుపోవుచున్నదా? ప్రార్థన మందిరము చిన్నదై శబ్దము ఎక్కువగుచున్నదా? అప్పుడు మొదటి 12ఎఎక్స్7 స్థలములో 12ఎటి7 వేసి చూచువారు ఉన్నారు. అయినను ఇవి లోపల లాగుకొను ప్రవాహములు వేరు గనుక అన్ని స్థానములలోను ఈ మార్పు తగదు. తెలిసినవారిని అడిగి చేయండి.

పవర్ ట్యూబుల విషయము

పవర్ ట్యూబులను జతగా కొనవలెను. ఒకే ప్రవాహమును లాగుకొనునట్లు పరీక్షించి జత చేసినవాటిని మ్యాచ్డ్ పెయిర్ అని అమ్ముదురు. జోడెడ్లలో ఒకటి బలమైనది, ఒకటి బక్కది అయితే కాడి ఒక ప్రక్కకు వాలును కదా? ఇక్కడను అట్లే. ఒక ట్యూబు బరువంతయు మోసి త్వరగా అరిగిపోవును, బుర్రుమను మ్రోత పెరుగును.

కొత్త జత వేసిన తరువాత అనేక ఆంప్లిఫయర్లలో బయాస్ సరిచేయవలెను. బయాస్ అంటే ఏమిటి? పాట లేనప్పుడు కూడా ట్యూబులో కొంత ప్రవాహము సాగుచుండును. అది ఎంత ఉండవలెనో నిర్ణయించునదే బయాస్. మరీ తక్కువైతే శబ్దము చిట్లినట్లుండును. మరీ ఎక్కువైతే ప్లేటు కాలి ఎర్రబడును. ఒక లెక్క చూడండి. ఇఎల్34 ప్లేటు భరించగలిగినది 25 వాట్లు. ఫిక్స్‌డ్ బయాస్ గల ఆంప్లిఫయర్లలో మెకానిక్కులు సాధారణముగా దానిలో 70 శాతము దాటనియ్యరు. అనగా 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులు ఉంటే ఒక్కొక్క ట్యూబుకు సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఈ లెక్క మీకు చెప్పుట మీరే చేయవలెనని కాదు. మెకానిక్కు ట్యూబులు మార్చి ఇచ్చినప్పుడు, "బయాస్ చూశారా అన్నా, ఎంత పెట్టారు?" అని అడుగుటకు చెప్పుచున్నాము. కాథోడ్ బయాస్ గల ఆంప్లిఫయర్లు కొంతమట్టుకు తమంతట తాము సర్దుకొనును గనుక వాటికి ఈ త్రిప్పుడు ఉండదు.

పేరు పాతది, సరుకు కొత్తది

పాత ట్యూబులంటే కొందరికి ఎంతో మోజు. ఇంగ్లండులో మల్లార్డ్, జర్మనీలో టెలిఫుంకెన్, అమెరికాలో ఆర్‌సిఎ మంచి ట్యూబులు చేసినవి. మన దేశములోనే బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు వాల్వులను చేసినది. కాని నేడు మల్లార్డ్ అని పెట్టె మీద చూచి ఇంగ్లండులో చేసినదని తలంచవద్దు. ఆ పేరుతో ఇప్పుడు అమ్మబడుచున్న కొత్త ట్యూబులు రష్యాలోని సరాటోవ్ నగరములో తయారైనవి. పేరు కొనుక్కొనవచ్చును, పాత కర్మాగారమును కొనుక్కొనలేము.

నేడు కొత్త ట్యూబులు ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశముల నుండి వచ్చుచున్నవి. చేయు స్థలములు ఇంత కొద్దివి గనుక 2022లో యుద్ధము వలన రష్యా నుండి సరుకు నిలిచిపోవునను వార్త రాగానే ధరలు పెరిగిపోయెను. అటువంటి సమయములో నకిలీ ముద్రలు వేసి అమ్మువారు కూడా బయలుదేరుదురు. వాడని పాత సరుకు అని చెప్పి ఎక్కువ ధర అడిగినయెడల, పరీక్షించిన అంకెలు చూపుమనండి, తిరిగి తీసుకొందురో లేదో అడుగండి. సంఘపు కానుకలతో కొనునప్పుడు ఇది మరి ముఖ్యము. సరియైన రకము, పరీక్షించిన జత, నమ్మకమైన అమ్మకందారు, ఈ మూడు ఉంటే కొత్త ట్యూబుతో ఆరాధన చక్కగా జరుగును.

ఎప్పుడు మార్చవలెను?

ప్రతి సంవత్సరము మార్చవలెనని ఎవరైనా చెప్పినయెడల లెక్క వేయండి. పవర్ ట్యూబులు సాధారణముగా వెయ్యి గంటల నుండి కొన్ని వేల గంటలు పని చేయును. చిన్న ట్యూబులు అంతకంటె చాలా ఎక్కువ కాలము వచ్చును. వారమునకు మూడు గంటలు వాడు సంఘములో సంవత్సరమునకు 156 గంటలే. అలాగైతే ఏటేటా మార్చుట దండుగ కాదా? కాలమును చూచి కాదు, గురుతులను చూచి మార్చండి.

శబ్దము నీరసపడి, బలము తగ్గినదా? అది ఒక గురుతు. చిన్న ట్యూబును పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గంట మ్రోగినట్లు వినిపించుచున్నదా? ఆ ట్యూబు లోపలి భాగములు వదులైనవి. గాజు పైన లోపలి వైపు వెండిరంగు మచ్చ ఉండును. మిగిలిన గాలిని పీల్చుకొనుటకు ఉంచిన బేరియము అది. ఆ మచ్చ తెల్లగా పాలవలె మారినదా? లోపలికి గాలి చొచ్చినది, ఆ ట్యూబు పని అయిపోయినది.

నీలి కాంతిని చూచి కొందరు భయపడుదురు. గాజు లోపలి గోడకు అంటియున్నట్లు కనబడు నీలము హాని లేనిది. కాని లోపలి భాగముల మధ్య ఊదా రంగు పొగవలె నిండియుంటే అది మంచిది కాదు. అన్నిటికంటె భయపడవలసినది ఏది? ప్లేటు ఎర్రగా కాలుట. హీటరు ఎర్రదనము వేరు, అది నడుమ సన్నగా ఉండును. బూడిదరంగు ప్లేటే నిప్పుకణికవలె ఎర్రబడితే, పాట మధ్యలో ఉన్నను సరే, వెంటనే స్విచ్చి ఆపివేయండి. కొన్ని నిమిషములు ఆలస్యమైతే ట్యూబుతో పాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా పోవచ్చును.

ఇప్పుడు ప్రాణము సంగతి

ప్రియులారా, ఇంతవరకు డబ్బు సంగతి. ఇక ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము.

ట్యూబు ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు పెరికివేసిన తరువాత కూడా లోపల కరెంటు ఉండును. ఎక్కడ ఉండును? కెపాసిటర్లలో. అవి కుండలో నీరు నిలిచినట్లు వోల్టేజిని నిలుపుకొనును. ట్యూబులు చల్లారినవి, దీపము ఆరినది, త్రాడు చేతిలోనే ఉన్నది. అయినను కెపాసిటర్ మీద 400 వోల్టులు నిలిచియుండవచ్చును. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 450 వోల్టులు నిలిచినప్పుడు అందులోని శక్తి సుమారు 10 జౌళ్ళు. ఒక కిలో రాయి మీటరు ఎత్తు నుండి పడినంత శక్తి అది. కాలి మీద పడితే వాపు వచ్చును. కాని ఒక చేతిలో నుండి ప్రవేశించి గుండె మీదుగా రెండవ చేతికి పోయినయెడల? కొన్ని ఆంప్లిఫయర్లలో దీనిని ఖాళీ చేయుటకు రెసిస్టరు ఉండును. కొన్నిటిలో ఉండదు, ఉన్నను అది చెడిపోయియుండవచ్చును. బయట నుండి చూచి చెప్పలేము.

"మా మందిరములో ఆర్‌సిసిబి ఉన్నది, షాకు కొడితే అదే పడిపోవును" అని కొందరు ధైర్యముగా ఉందురు. మంచి పరికరమే, తప్పక పెట్టించుకొనండి. గోడ కరెంటు మనిషి గుండా నేలకు పోవునప్పుడు అది 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయి కాపాడును. కాని ఆంప్లిఫయర్ లోపలి 400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరుకు ఆవల వేరుగా పుట్టినవి. ఆ షాకు ఆర్‌సిసిబికి కనబడదు. ప్లగ్గు తీసియుంటే అసలే కనబడదు.

కావున చాసిస్ విప్పుట శిక్షణ పొందినవారి పని. వారు కూడా ఏమి చేయుదురో చూడండి. ప్లగ్గు తీసివేయుదురు. తగిన రెసిస్టరుతో కెపాసిటర్లను మెల్లగా ఖాళీ చేయుదురు. స్క్రూడ్రైవరు అడ్డము పెట్టి టప్పుమనిపించరు. తరువాత మీటరుతో కొలిచి, వోల్టేజి పోయినదని చూచి అప్పుడు ముట్టుదురు. కరెంటు ఉండగా కొలువవలసివస్తే ఒక చేయి వెనుకకు పెట్టుకొని ఒక్క చేతితోనే పని చేయుదురు. ఇట్లు చేయని మెకానిక్కు ఎంత అనుభవముందని చెప్పినను అతని దగ్గరకు మీ పిల్లలను సహాయమునకు పంపవద్దు.

ఎర్తు పిన్నును విరువవద్దు

రెండవ ప్రమాదము ఎర్తు లేకపోవుట. గిటారు తీగలు లోహము. అవి వైరు ద్వారా ఆంప్లిఫయర్ చాసిస్‌కు చేరియుండును. గాయకుని పెదవులు మైకుకు తగులుచుండును. ఆ మైకు వేరొక పెట్టెకు చేరియుండును. ఈ రెంటిలో ఒకదానికి ఎర్తు లేక, దానిలో కరెంటు లీకైతే, గిటారుకు మైకుకు మధ్యనున్న తీగ ఎవరు? ఆ గాయకుడే.

1972 మే నెలలో వేల్స్ దేశములోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు వేదిక మీద ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకొని మరణించెను. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము, వేకో పట్టణములో పాస్టరు కైల్ లేక్ గారు బాప్తిస్మపు తొట్టిలో నీటిలో నిలిచి మైకును పట్టుకొనగా విద్యుత్ షాకుతో మృతినొందిరి. ఆయన వయస్సు 33 సంవత్సరములు. అక్కడ ట్యూబు ఆంప్లిఫయర్ కారణమని మేము చెప్పుటలేదు. కరెంటు, తడి, లోహము, మనిషి చేయి ఒక్కచోట కలిసినప్పుడు ఏమగునో చెప్పుచున్నాము. నీటిలో నిలిచినవారికి వైరు మైకు ఇయ్యవద్దు. బ్యాటరీతో నడుచు వైర్‌లెస్ మైకును కూడా ఒడ్డున ఉన్నవారే పట్టుకొనవలెను.

బుర్రుమను హమ్ పోవుటకై మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరిచివేయు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. హమ్ పోవును, నిజమే. దానితో పాటు ప్రాణమునకున్న కాపుదల కూడా పోవును. గిటారు ఆంప్లిఫయర్, మిక్సరు, కీబోర్డు అన్నిటికి ఒకే ఎర్తు గల బోర్డు నుండి కరెంటు ఇచ్చినయెడల చాలాసార్లు హమ్ తగ్గును. తగ్గకపోతే డిఐ బాక్సు వాడండి. పందిరి సభలలో జనరేటరు నుండి కరెంటు తీసుకొనునప్పుడు ఎర్తు కడ్డీ పాతినారో లేదో అడుగుట మరువవద్దు. మైకు ముట్టుకొంటే చురుక్కుమన్నదని ఎవరైనా చెప్పితే నవ్వి ఊరుకొనవద్దు. కార్యక్రమము ఆపి కారణము కనుగొనండి.

విదేశము నుండి వచ్చిన ఆంప్లిఫయర్

అమెరికాలో ఉన్న మన బంధువులు ప్రేమతో ఆంప్లిఫయర్ తెచ్చి సంఘమునకు ఇచ్చుచుందురు. పెట్టె తెరిచి ప్లగ్గు పెట్టకముందు వెనుక ఏమి వ్రాసియున్నదో చదువండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. తిన్నగా పెట్టినయెడల క్షణములో మాడిపోవును. వోల్టేజి మార్చు ఏర్పాటు లేనిచో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావలెను. దానిమీద వ్రాసిన వాట్లు ఆంప్లిఫయర్ అడుగు వాట్లకంటె బాగా ఎక్కువ ఉండవలెను. ఎర్తు తీగ అందులో తెగిపోకుండా అటు నుండి ఇటు సాగవలెను. అక్కడి కరెంటు 60 హెర్ట్‌జులు, మనది 50. కేవలము 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ ఎక్కువ వేడెక్కును. 1960ల నాటి పాత ఆంప్లిఫయరైతే రెండు పిన్నుల త్రాడే ఉండవచ్చును, కరెంటు తీగ నుండి చాసిస్‌కు ఒక కెపాసిటర్ కూడా ఉండవచ్చును. ఆ కెపాసిటర్ చెడిపోతే చాసిస్ అంతా కరెంటే. అటువంటిదానికి మొదట మెకానిక్కుచేత మూడు పిన్నుల త్రాడు వేయించి, ఆ కెపాసిటర్ తీయించి, తరువాతనే వాడండి.

ఈ సందర్భములో పాత రేడియోల గురించి ఒక హెచ్చరిక. తాతగారి రేడియోను బాగుచేయించవలెనని కొందరికి ఆశ. యుసిహెచ్81, యుఎల్84 వంటి యు అక్షరపు వాల్వులు ఉన్న రేడియోలలో సాధారణముగా కరెంటును వేరుచేయు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ప్లగ్గు ఏ వైపు పెట్టినారన్నదానిని బట్టి చాసిస్‌కే తిన్నగా 230 వోల్టులు రావచ్చును. త్రిప్పుడు బిళ్ళ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటపడియుంటే దానిని ముట్టవద్దు, పిల్లలను ముట్టనియ్యవద్దు.

ప్రతి వారము పాటించవలసినవి

స్పీకరు వైరు పెట్టకుండా ట్యూబు ఆంప్లిఫయర్‌ను ఎన్నడును వాయించవద్దు. ఇక్కడ భారము లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి ఎగసి లోపల మెరుపులు కొట్టి కాలిపోవును. స్పీకరు 8 ఓములైతే 8 అని వ్రాసిన రంధ్రములోనే వైరు పెట్టండి.

ఫ్యూజు పోతే అదే విలువ, అదే రకము గల ఫ్యూజు వేయండి. రాగి తీగ చుట్టవద్దు, సిగరెట్ పెట్టె కాగితము చుట్టవద్దు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోయినయెడల మూడవది వేయక మెకానిక్కును పిలువండి. ఫ్యూజు పోవుట జబ్బు కాదు, లోపల జబ్బున్నదని చెప్పు జ్వరము.

స్టాండ్‌బై స్విచ్చి ఉంటే మొదట పవర్ వేసి, ఒక నిమిషము ఆగి తరువాత దానిని వేయండి. ఆంప్లిఫయర్ వెనుక భాగము గోడకు అంటకుండా జానెడైనా ఎడము ఉంచండి. పైన గుడ్డ కప్పవద్దు, నీళ్ళ గ్లాసు పెట్టవద్దు. ఆపిన తరువాత ట్యూబులు చల్లారువరకు మోసుకొని పోవద్దు. చేయి కాలును, వేడి మీద కుదుపునకు ట్యూబు పాడగును.

బయట నుండి అందు ట్యూబును మార్చవలసివస్తే ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, గుడ్డతో అడుగు భాగమున పట్టుకొని, కొద్దిగా అటు ఇటు కదుపుచు తిన్నగా పైకి లాగండి. చిన్న ట్యూబు పెట్టునప్పుడు పిన్నుల మధ్యనున్న ఖాళీని సాకెట్ ఖాళీకి సరిచూచి పెట్టండి. బలవంతము చేస్తే పిన్ను వంగును, గాజు పగులును. అంతకు మించి ఒక్క స్క్రూ కూడా విప్పవద్దు.

ఎవరికైనా షాకు తగిలి విడువకపోతే, మొదట మెయిను ఆపండి. ఆపక ముందు ఆ మనిషిని చేతితో పట్టి లాగవద్దు, మీరు కూడా అంటుకొనిపోవుదురు. మెయిను అందకపోతే ఎండిన కర్రతో వైరును త్రోసివేయండి. వెంటనే 108కి ఫోను చేయించండి. శ్వాస ఆడకపోతే, తెలిసినవారు ఛాతీ మీద నొక్కుట ప్రారంభించవలెను. ప్రతి సంఘములో ఇద్దరికైనా ఈ నొక్కుడు నేర్పించుట మేలు.

సంఘ పెద్దలారా, ఆంప్లిఫయర్ కొనునప్పుడే బాగుచేయువాడు ఎవరో, ఎంత దూరములో ఉన్నాడో విచారించండి. ట్యూబుల పేర్లు, మార్చిన తేదీ ఒక చీటీ మీద వ్రాసి పెట్టె వెనుక అంటించండి. మందిరపు ఎర్తును సంవత్సరమునకు ఒకసారి ఎలక్ట్రీషియన్‌చేత పరీక్షింపజేయండి. దానికగు ఖర్చు ఒక జత ట్యూబుల ధర కంటె ఎక్కువేమీ కాదు.

యౌవన సహోదరులారా, మీకు ఆసక్తి ఉన్నది, నేర్చుకొనవలెనని ఆశ ఉన్నది. తప్పక నేర్చుకొనండి. తెలిసిన పెద్దమనిషి ప్రక్కన కూర్చుండి, మీటరు పట్టుట నేర్చుకొని, అప్పుడు చేయండి. ట్యూబు పోతే ఇంకొక ట్యూబు దొరుకును. మీరు పోతే మీ ఇంటివారికి ఇంకొక మీరు దొరకరు. ఆదివారము ఉదయము ఆంప్లిఫయర్ మూగబోయినయెడల గిటారు ప్రక్కన పెట్టి చప్పట్లతో పాడుకొందము. మూత మాత్రము తెరువవద్దు.

ఈ సంగతులు మీ సంఘములోని సంగీత బృందమునకు చదివి వినిపించుమని కోరుచున్నాము.